పొత్తు కూడా ఒక ప్రమాణమే

2024 మార్చి 9వ తేదీన తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీలు ఎన్నికలలో కలిసి పోటీ చేస్తామని ఢిల్లీలో ప్రకటించాయి. 11వ తేదీన సీట్ల పంపకం తేలింది. ఆ సాయంకాలమే మన దేశంలో రమజాన్ నెలవంక కనిపించింది. ఆ విధంగా రాయలసీమ ముస్లిం కుటుంబాలు ఆ ఏడాది ఉపవాసాలను, పొత్తు వార్తను ఒకేసారి స్వాగతించవలసి వచ్చింది. ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ ముందు ఖర్జూరపు పళ్లెంతోపాటు ఒక ప్రశ్న కూడా వచ్చి కూర్చుంది: సైకిలుకు వేసిన ఓటు కమలానికి వేసినట్లేనా?

శ్రీ సత్యసాయి జిల్లాలో, హైదరాబాదు–బెంగళూరు జాతీయ రహదారి మీద ఉన్న సోమందేపల్లిలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన బరువు ఉంది. ఈ మండలం శాసనసభకు పెనుకొండ నియోజకవర్గంలో, లోక్‌సభకు హిందూపురం నియోజకవర్గంలో ఉంది. ఇక్కడి ఓటరు ముందున్న రెండు యంత్రాల మీదా కూటమి గుర్తు సైకిలే. కమలం కనిపించలేదు. అదే లోక్‌సభ స్థానంలోని ధర్మవరంలో మాత్రం శాసనసభ యంత్రం మీద సైకిలు స్థానంలో కమలం ఉంది. అక్కడ టిక్కెట్టు ఆశించిన తెలుగుదేశం నాయకుడు పరిటాల శ్రీరామ్ పక్కకు తప్పుకొని, బీజేపీ అభ్యర్థి సత్యకుమార్ యాదవ్‌కు మద్దతు పలికారు. ఒకే పార్లమెంటు స్థానం, ఒకే కూటమి, రెండు గుర్తులు. సోమందేపల్లి ఓటరు తాను చూడని గుర్తుకు కూడా బాధ్యుడవుతాడా? ఈ వ్యాసం వెదుకుతున్నది ఆ ప్రశ్నకు సమాధానమే.

లెక్క ఎలా కుదిరింది?

పార్టీలు పొత్తులెందుకు పెట్టుకుంటాయో ముందు అర్థం చేసుకోవాలి. మన ఎన్నికల విధానంలో సగానికి పైగా ఓట్లు రావలసిన అవసరం లేదు. పోటీలో ఉన్నవారిలో అందరికన్నా ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. అందువల్ల ఓట్లు చీలిన పక్షం ఓడుతుంది, ఓట్లు కూడిన పక్షం గెలుస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో దీనికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకదు. 2019లో తెలుగుదేశం ఒంటరిగా పోటీ చేసి సుమారు 39 శాతం ఓట్లు తెచ్చుకుంది. దక్కినవి 23 స్థానాలు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్ ఒంటరిగా పోటీ చేసి దాదాపు అంతే శాతం ఓట్లు తెచ్చుకుంది. దక్కినవి 11 స్థానాలు. ఎదుట నిలిచిన మూడు పార్టీలు 175 స్థానాలలో 164 గెలుచుకున్నాయి. బీజేపీ సంగతి మరింత గమనించదగినది. 2019లో ఒంటరిగా నిలిచినప్పుడు ఆ పార్టీకి రాష్ట్రంలో ఒక శాతం ఓట్లు కూడా రాలేదు, ఒక్క స్థానమూ దక్కలేదు. 2024లో పొత్తులో భాగంగా 10 శాసనసభ స్థానాలలో పోటీ చేసి 8 గెలిచింది. 6 లోక్‌సభ స్థానాలలో పోటీ చేసి 3 గెలిచింది.

హిందూపురం లోక్‌సభ పరిధిలోని ఏడు శాసనసభ స్థానాలూ కూటమికే దక్కాయి. రాప్తాడు, మడకశిర, హిందూపురం, పెనుకొండ, పుట్టపర్తి, కదిరి తెలుగుదేశానికి, ధర్మవరం బీజేపీకి. ధర్మవరంలో ఆధిక్యం నాలుగు వేల ఓట్ల లోపే. అక్కడ గెలిచిన సత్యకుమార్ యాదవ్ రాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి అయ్యారు. పెనుకొండ నుంచి గెలిచిన ఎస్. సవిత కూడా మంత్రివర్గంలో చేరారు. లోక్‌సభకు తెలుగుదేశం అభ్యర్థి బి.కె. పార్థసారథి ఎన్నికయ్యారు.

ఈ లెక్కలో తప్పు పట్టవలసింది లేదు. ఓట్లను కూడగట్టుకోవడం ప్రజాస్వామ్యంలో న్యాయమైన పనే. ముస్లింలు కూడా ఇటువంటి పొత్తుల వల్ల మేలు పొందారు. 2004లో కాంగ్రెసు, వామపక్షాలతోను తెలంగాణ రాష్ట్ర సమితితోను కలిసి పోటీ చేసినప్పుడు, ఇదే హిందూపురం నుంచి జి. నిజాముద్దీన్ లోక్‌సభకు గెలిచారు. ఆ ఎన్నికల ప్రచారంలో చేసిన రిజర్వేషన్ వాగ్దానం న్యాయస్థానాలలో ఎన్నో ఎదురుదెబ్బలు తిని, 2007లో 4 శాతం చట్టంగా రూపొందింది. ఆ చట్టాన్ని 2010లో హైకోర్టు కొట్టివేసినా, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు వల్ల నేటికీ అమలులో ఉంది.

కాబట్టి పొత్తు మంచిదా, చెడ్డదా అన్న చర్చ మనలను ఎక్కడికీ చేర్చదు. ఆ పొత్తు ఏ షరతుల మీద నిలిచిందన్నది తెలుసుకోవాలి.

వ్రాయని షరతులు

2024 ఏప్రిల్ 30న కూటమి ఎన్నికల ప్రణాళిక విడుదలయింది. చంద్రబాబు నాయుడు, పవన్ కల్యాణ్ ప్రతులను చేతబట్టి చూపించారు. వేదిక మీద బీజేపీ ప్రతినిధి ఉన్నారు కాని, ప్రతిని చేతికి తీసుకోలేదు. దాని మీద ప్రధానమంత్రి చిత్రం కూడా లేదు. అప్పట్లో రాజకీయ విమర్శలకు వస్తువైన ఈ చిన్న దృశ్యాన్ని మనం మరో దృష్టితో చూడాలి. మూడు పార్టీలు కలిసి ఓటు అడుగుతున్నాయి. కాని ఏమి చేస్తామో చెప్పే పత్రాన్ని ముగ్గురూ కలిసి పట్టుకోలేదు.

దాని పర్యవసానం ప్రచారంలోనే కనిపించింది. పొరుగున ఉన్న తెలంగాణలో బీజేపీ అగ్రనాయకుడు అమిత్ షా ముస్లిం రిజర్వేషన్లను తొలగిస్తామని ప్రకటించారు. ఇక్కడ చంద్రబాబు నాయుడు 4 శాతం కొనసాగుతుందని హామీ ఇచ్చారు. ఇద్దరూ ఒకే కూటమివారు. ఇమాములకు నెలకు 10 వేలు, మౌజన్లకు 5 వేల రూపాయల గౌరవ వేతనం వంటి హామీలను మైనారిటీల ముందు పెట్టారు. అవి కూడా అవసరమే. అయితే మిత్రపక్షం ఢిల్లీలో మన మసీదులకు, ఖబరస్తాన్‌లకు, మదర్సాలకు సంబంధించిన చట్టం తెస్తే తమ సభ్యులు ఎటు నిలుస్తారన్నది ఆ హామీలలో ఒక అంశం కాలేదు. మనమూ గట్టిగా అడగలేదు. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు కరెంటు బిల్లు ఎవరు కట్టాలో కూడా కాగితం మీద వ్రాయించుకునే మనం, ఐదేళ్ల పాలనను అప్పగించేటప్పుడు నోటిమాటతో సరిపెట్టుకున్నాం.

ఏడాది తిరిగింది. 2025లో మన దేశంలో మార్చి 31న ఈదుల్ ఫిత్ర్ జరిగింది. పండుగ సేమ్యా వాసన ఇళ్లలో ఇంకా ఉండగానే, ఏప్రిల్ 2వ తేదీన వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చింది. అర్ధరాత్రి దాటాక 288–232 ఓట్లతో ఆమోదం పొందింది. మరునాటి రాత్రి రాజ్యసభ 128–95తో ఆమోదించింది. 5వ తేదీన రాష్ట్రపతి సంతకం చేశారు. తెలుగుదేశం ఆ బిల్లును సమర్థించింది. తాము సూచించిన కొన్ని సవరణలు బిల్లులో చేరాయని ఆ పార్టీ చెప్పుకొంది. 2024లో బీజేపీకి సొంతంగా ఆధిక్యం రాలేదు. లోక్‌సభలో 240 స్థానాల దగ్గర ఆగిపోయింది. కాబట్టి మిత్రపక్షాల 16 మంది, 12 మంది సభ్యుల మాటకు విలువ ఉన్న సభ అది. తరువాత 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కొన్ని నిబంధనలను మధ్యంతరంగా నిలిపివేసింది. వక్ఫ్ చేయదలచిన వ్యక్తి ఐదేళ్లుగా ఇస్లామ్‌ను ఆచరిస్తూ ఉండాలన్న నిబంధన వాటిలో ఒకటి.

దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్న ప్రశ్నకు సమాధానం ఇలా వచ్చింది. సైకిలుకు వేసిన ఓటు ధర్మవరంలో కమలానికి పడలేదు. ఢిల్లీలో మాత్రం రెండు గుర్తుల ఓట్లు ఒకే పెట్టెలో పడ్డాయి.

హుదైబియా చెప్పే పాఠం

భిన్న విశ్వాసాలవారితో ఒప్పందం చేసుకోవడం ఇస్లామ్‌కు కొత్త కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) దౌత్యానికి పూర్వమే, మక్కాలో అబ్దుల్లాహ్ బిన్ జుద్‌ఆన్ ఇంట ఖురైష్ తెగలు కొన్ని సమావేశమై, పీడితుడు ఎవరైనా సరే అతనికి న్యాయం జరిగేవరకు అండగా ఉంటామని ప్రతిన పూనాయి. హిల్ఫుల్ ఫుజూల్ అనే ఆ ఒప్పందంలో ఆయన పాల్గొన్నారు. ఇస్లామ్ వచ్చిన తరువాత కూడా, అటువంటి దానికి పిలిస్తే వెళతానని చెప్పారు. మదీనా చేరిన తరువాత ముహాజిర్లు, అన్సార్లు, యూద తెగల మధ్య కుదిరిన ఒడంబడికలో ఎవరి మతం వారిదే. నగర రక్షణ మాత్రం అందరిదీ. ఈ రెండింటిలోనూ ఒక సమాన లక్షణం ఉంది. ఎందుకు కలుస్తున్నారో ముందే తేటతెల్లంగా చెప్పుకున్నారు.

హిజ్రీ 6వ సంవత్సరంలో కుదిరిన హుదైబియా సంధి ఇంకొక మెట్టు లోతైన పాఠం చెబుతుంది. షరతులు ముస్లింలకు పైకి కష్టంగా కనిపించాయి. హజ్రత్ ఉమర్ (రజి) వంటివారే కలత చెందారు. సంధి ముగింపు దశలోనే అబూ జందల్ (రజి) సంకెళ్లతో శరణు కోరి వచ్చినా, ఒప్పందానికి కట్టుబడి ఆయనను తిరిగి పంపవలసి వచ్చింది. ఇచ్చిన మాటకు ఉన్న విలువ అది.

ఆ సంధిలో మరొక నిబంధన ఉంది. ఏ తెగ అయినా ఉభయ పక్షాలలో తమకు ఇష్టమైన వైపు చేరవచ్చు. బనూ ఖుజాఅ తెగ ముస్లింలతో, బనూ బక్ర్ తెగ ఖురైష్‌తో చేరాయి. రెండేళ్లు గడవకముందే బనూ బక్ర్ వారు ఖుజాఅ మీద రాత్రివేళ దాడి చేశారు. ఖురైష్ వారు ఆయుధాలు అందించారు, కొందరు స్వయంగా పాల్గొన్నారు. దాడి చేసింది మేము కాదు, మా మిత్రులు అని ఖురైష్ తప్పించుకోలేకపోయారు. సంధిని పునరుద్ధరించుకోవడానికి అబూ సుఫ్యాన్ మదీనాకు వచ్చినా ఫలితం లేకపోయింది. సంధి భంగమైంది. హిజ్రీ 8వ ఏట రమజాన్ మాసంలో మక్కా విజయానికి దారితీసిన సంఘటన అదే.

మిత్రుడు చేసిన అన్యాయానికి తోడ్పడినవాడు ఆ అన్యాయంలో భాగస్వామి అవుతాడు. మాయిదా సూరా 2వ ఆయత్ సారాంశం కూడా ఈ గీతనే గీస్తుంది. మంచిలో, దైవభక్తిలో సహకరించుకోవాలి. పాపంలో, దౌర్జన్యంలో సహకరించరాదు. పొత్తు ఎంతవరకు, ఎక్కడ ఆగాలి అన్న రెండు ప్రశ్నలకూ అందులో సమాధానం ఉంది. ఇది పార్టీలకు ఎంత వర్తిస్తుందో, ఓటరుకూ అంతే వర్తిస్తుంది. ఉలమాలలో పలువురు ఓటును సాక్ష్యంగా వివరించారు. సాక్ష్యం ఇచ్చేవాడు తెలిసి ఇవ్వాలి. తెలియకపోతే అడిగి తెలుసుకోవాలి.

కేరళ ముస్లింలు నేర్చుకున్నది

షరతులు లేని పొత్తుకు, షరతులతో కూడిన పొత్తుకు తేడా తెలియాలంటే కేరళ చరిత్ర చూడాలి. 1960 ఎన్నికలలో ముస్లిం లీగ్, కాంగ్రెసుతోను ప్రజా సోషలిస్టు పార్టీతోను కలిసి కమ్యూనిస్టులను ఓడించింది. గెలిచాక మంత్రివర్గంలో లీగ్‌కు చోటు దొరకలేదు. కె.ఎం. సీతి సాహిబ్‌కు శాసనసభ స్పీకరు పదవి ఇచ్చి సరిపెట్టారు. ఓట్లు కావలసి వచ్చాయి కాని, పక్కన కూర్చోబెట్టుకోవడానికి మనసు రాలేదు.

లీగ్ ఆ అనుభవాన్ని మరచిపోలేదు. 1967లో అదే లీగ్, తాను ఓడించిన ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ నాయకత్వంలోని ఏడు పార్టీల కూటమిలో చేరింది. దేవుని నమ్మని సిద్ధాంతం ఒకరిది, దీన్ మీద నిలిచిన సమాజం మరొకరిది. సిద్ధాంతాలు కలవలేదు, కలపాలని ఎవరూ ప్రయత్నించలేదు. చేయవలసిన పనుల మీద మాత్రం అంగీకారానికి వచ్చారు. లీగ్‌కు ఇద్దరు మంత్రులు దక్కారు. సి.హెచ్. ముహమ్మద్ కోయా విద్యామంత్రి అయ్యారు. 1968లో కాలికట్ విశ్వవిద్యాలయం, 1969 జూన్‌లో మలప్పురం జిల్లా ఏర్పడ్డాయి. ఆ ప్రభుత్వం 1969లోనే కూలిపోయింది. విశ్వవిద్యాలయం, జిల్లా మాత్రం నేటికీ ఉన్నాయి. మలబారు ముస్లిం ఇంటి ఆడపిల్ల పట్టభద్రురాలు కావడంలో ఆ ఒప్పందానికి వాటా ఉంది.

తమిళనాడులో ముస్లిం లీగ్ డి.ఎం.కె. కూటమిలో ఉంటూనే తన నిచ్చెన గుర్తును వదులుకోలేదు. రామనాథపురం నుంచి నవాస్ కని 2019లో, 2024లో ఆ గుర్తు మీదనే గెలిచారు. పొత్తులో చేరినవాడు తన పేరును, తన మాటను పోగొట్టుకోవలసిన పని లేదని దీనివల్ల తెలుస్తుంది.

బయటకు వచ్చే దారి

ప్రతి ఒప్పందానికి లోపలికి వెళ్లే ద్వారంతో పాటు బయటకు వచ్చే ద్వారం కూడా ఉండాలి. రాష్ట్రానికి ప్రత్యేక హోదా దక్కలేదని తెలుగుదేశమే 2018 మార్చిలో కేంద్ర మంత్రివర్గం నుంచి, ఆపై కూటమి నుంచి బయటకు వచ్చింది. పంజాబులో సిక్కుల పార్టీ అయిన అకాలీదళ్, రెండు దశాబ్దాలకు పైగా సాగిన బీజేపీ పొత్తును 2020 సెప్టెంబరులో వ్యవసాయ చట్టాల మీద తెంచుకుంది. 2012 నవంబరులో చార్మినార్ వద్ద ఆలయ వివాదం సందర్భంగా మజ్లిస్ కాంగ్రెసుకు మద్దతు ఉపసంహరించుకుంది. అంటే తమకు ప్రాణసమానమని తోచిన విషయం వచ్చినప్పుడు పార్టీలు పొత్తు తెంచుకోగలవు. మైనారిటీల హక్కులు ఆ ప్రాణసమానమైన విషయాల పట్టికలో ఎందుకు లేవన్నదే మన ఆవేదన. ఆ పట్టికలో చేర్పించవలసిన బాధ్యత మనది కూడా.

ఇక్కడ న్యాయంగా మరొక మాట చెప్పాలి. పొత్తు లేకపోవడం కూడా రక్షణ కాదు. 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ బిల్లు వచ్చినప్పుడు వైఎస్సార్ కాంగ్రెస్‌కు గాని, తెలుగుదేశానికి గాని బీజేపీతో పొత్తు లేదు. అయినా రెండూ ఆ బిల్లును సమర్థించాయి. 2024లో తెలుగుదేశం తరఫున నిలిచిన ముగ్గురు ముస్లిం అభ్యర్థులూ గెలిచారు. వారిలో ఎన్.ఎం.డి. ఫరూక్ మైనారిటీ సంక్షేమ మంత్రి అయ్యారు. ఇదీ నిజమే, అదీ నిజమే. కాబట్టి ఒక పార్టీని శత్రువుగా, మరొక పార్టీని ఆప్తునిగా తలచి కళ్లు మూసుకోవడం వివేకం కాదు. సభలో వారు ఎటు చేయి ఎత్తారో చూడాలి.

మన ఇళ్లలో మొదలు కావలసినది

మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు ఎన్నికలు పార్టీ గుర్తుల మీదనే జరుగుతాయి. ఆ తరువాత మళ్లీ శాసనసభ, లోక్‌సభ ఎన్నికలు వస్తాయి. మళ్లీ పొత్తులు కుదురుతాయి, మళ్లీ అభ్యర్థులు గుమ్మం ముందుకు వస్తారు. ఆ రోజుకు ఇప్పటినుంచే సిద్ధపడాలి. ఊరి పెద్దలు, మసీదు కమిటీలు, మహిళా బృందాలు కూర్చొని మషూరా చేసుకొని, ప్రతి పక్షం ముందు ఒకే విధమైన ప్రశ్నలు ఉంచవచ్చు:

మీ కూటమిలోని పార్టీలన్నీ సంతకం చేసిన ప్రణాళిక ఉందా? రిజర్వేషన్లు, వక్ఫ్, పౌరసత్వం మీద మీ మిత్రపక్షం అభిప్రాయం మీదేనా, మీది వేరా? వేరైతే, సభలో ఓటింగు వచ్చిన రోజు ఎటు నిలుస్తారు? ఏ విషయం మీద మీరు పొత్తు వదులుకుంటారు? ఇచ్చిన మాట తప్పితే మా ఊరికి వచ్చి సమాధానం చెబుతారా?

ఈ ప్రశ్నలు ముస్లింల కోసం మాత్రమే కారాదు. ధర్మవరం నేతన్న కూలి, పెనుకొండ రైతు బోరులో నీళ్లు, కంపెనీ గేటు ముందు ఉద్యోగం కోసం నిలబడిన హిందూ యువకుని గోడు కూడా వాటిలో చేరాలి. హిల్ఫుల్ ఫుజూల్‌లో పీడితుని తెగ ఏదని అడగలేదు. మన కోసం మాత్రమే అడిగితే అది బేరమవుతుంది, అందరి కోసం అడిగితే న్యాయమవుతుంది. అప్పుడు మన పక్కింటివారు కూడా మనతో కలిసి అదే ప్రశ్న అడుగుతారు. పార్టీల పొత్తుకన్నా గట్టి పొత్తు అది.

వచ్చిన సమాధానాలను వ్రాసి పెట్టండి. తేదీ వేయండి. ఇంట్లో చదువుకునే అమ్మాయికో అబ్బాయికో ఆ పని అప్పగించండి. సభలో ఓటింగు జరిగిన ప్రతిసారీ ఆ పుస్తకం తెరిచి సరిచూడమనండి. ప్రమాణాల గురించి తప్పక ప్రశ్నించడం జరుగుతుందని ఇస్రా సూరా 34వ ఆయత్ హెచ్చరిస్తున్నది. ఆ ప్రశ్న పరలోకంలో అందరికీ ఎదురవుతుంది. ఇహలోకంలో మాత్రం దానిని అడగవలసినది మనమే.

సోమందేపల్లిలో గాని, మరే ఊరిలో గాని వచ్చే ఎన్నికల వేళ దస్తర్‌ఖాన్ ముందు మళ్లీ అదే ప్రశ్న వస్తే, పిల్లలు పెద్దల ముఖాలు చూడనక్కరలేదు. పుస్తకం తెరిచి సమాధానం చెప్పగలగాలి. ఇచ్చిన మాట నిలుపుకునే నాయకులను, మాట తప్పినవారిని మర్యాదగా నిలదీసే ప్రజలను అల్లాహ్ మన మధ్య పెంపొందించుగాక! ఆమీన్.